ముఖానికి పెట్టేది పెట్టుబడా, ఖర్చా?

మీ ఇన్‌స్టాలో ఇలాంటి రీల్ ఒకటైనా వచ్చే ఉంటుంది. సియోల్ నగరంలో గంగ్నమ్ ప్రాంతం. ఓ అమ్మాయి అద్దాల క్లినిక్‌లోకి వెళ్తుంది, కాసేపటికి బయటికొస్తుంది. చర్మం గాజులా మెరుస్తుంటుంది, దవడ సన్నబడి ఉంటుంది. ఆపరేషన్ లేదు, కుట్లు లేవు, మంచం మీద పడుకోవాల్సిన పని లేదు అని కింద రాసి ఉంటుంది. దాని కింద ప్యాకేజీ ధర. విమానం టికెట్, హోటల్ వేరు.

చూసి లైక్ కొట్టి వదిలేస్తే గొడవ లేదు. కానీ చివరి సంవత్సరంలో ఉండి, రెండు మూడు కంపెనీల ఇంటర్వ్యూల్లో పోయి, అద్దంలో చూసుకుంటూ ‘లోపం ఇక్కడే ఉందేమో’ అనుకునే రోజున అదే రీల్ వేరేలా కనిపిస్తుంది. ఒక్కసారి పెట్టుబడి పెడితే ఉద్యోగానికి పనికొస్తుంది కదా అనిపిస్తుంది. ఆ ‘పెట్టుబడి’ అనే మాట గురించే నేను మాట్లాడాలనుకుంటున్నాను.

అందంగా కనిపించాలనుకోవడం తప్పేమీ కాదు. సొంత సంపాదనతో, అన్నీ తెలుసుకుని చేయించుకునే వాళ్లతో నాకు పేచీ లేదు. ఇంకా సంపాదన మొదలుకాని పిల్లలకి దీన్ని ఉద్యోగం తెచ్చిపెట్టే పెట్టుబడిగా చూపించి అమ్మడంతోనే పేచీ. ఆ లెక్క నిలబడదు. ఎందుకు నిలబడదో చూద్దాం.

ఇంతకీ ఏం చేస్తారు?

ముఖానికి యవ్వనం తెస్తామంటూ కత్తి పెట్టకుండా చేసే చికిత్సల్లో ముఖ్యమైనవి నాలుగు. మొదటిది బొటాక్స్. ఇది బొటులినమ్ టాక్సిన్ అనే మందు. సూదితో ఎక్కిస్తే ఆ చోట కండరం తాత్కాలికంగా బలహీనపడి ముడత తగ్గుతుంది. కనుబొమల మధ్య గీతలకి దీన్ని వాడేందుకు అమెరికా ఎఫ్‌డీఏ 2002లో అనుమతి ఇచ్చింది. ప్రభావం మూడు నాలుగు నెలలు ఉంటుంది. రెండోది ఫిల్లర్. ఎక్కువగా హైలురోనిక్ ఆసిడ్ జెల్ వాడతారు. బుగ్గల్లో, పెదాల్లో, గడ్డంలో నింపుతారు. రకాన్ని బట్టి ఆరు నెలల నుంచి ఏడాదిన్నర దాకా ఉంటుంది. మూడోది థ్రెడ్ లిఫ్ట్. శరీరంలో కరిగిపోయే దారాలు చర్మం కింద వేసి పైకి లాగుతారు. నాలుగోది హైఫూ, అంటే అల్ట్రాసౌండ్ శక్తిని చర్మం లోపలి పొరల మీద కేంద్రీకరించి బిగుతు తెప్పించడం. దీని ఫలితం నెమ్మదిగా, రెండు మూడు నెలల్లో తెలుస్తుంది.

ఈ నాలుగూ ప్రధానంగా వయసు మీద పడ్డాక వచ్చే ముడతలకి, జారిపోయిన చర్మానికి వచ్చిన చికిత్సలు. వీటన్నిటికీ కలిపి పెట్టిన పేరే యవ్వనం తిరిగి తెచ్చే చికిత్స. మీకు 22 ఏళ్లు. ఏ యవ్వనం ఎక్కడికి పోయిందని తిరిగి తెస్తారు?

అందరూ సియోల్‌కే ఎందుకు?

మన పిల్లలకి కొరియా కొత్తేమీ కాదు. పెనుకొండ దగ్గర కియా కార్ల ఫ్యాక్టరీ తెలుసు. డ్రామాలు తెలుసు, పాటలు తెలుసు. అందుకే ముఖం సంగతి వచ్చేసరికి కూడా చూపు అటే పోతుంది.

అది ఊరికే వచ్చిన పేరు కాదు. విదేశీ రోగులను ఆహ్వానించేందుకు కొరియా ప్రభుత్వం 2009లో ఆసుపత్రులకి తలుపులు తెరిచింది. ఆ ఏడాది వచ్చింది సుమారు 60 వేల మంది. 2024 నాటికి ఆ సంఖ్య 11 లక్షలు దాటింది. అందులో సగానికి పైగా చర్మ చికిత్సల కోసమే వచ్చారు. జపాన్, చైనా, తైవాన్, అమెరికాల నుంచి వచ్చేవాళ్లే ఎక్కువ. అక్కడ నైపుణ్యం ఉంది, పోటీ ఉంది, పోటీ వల్ల ధరలూ తక్కువే. ఇవన్నీ నిజాలే. మంచి డాక్టర్లు లేరని ఎవరూ అనలేరు.

కానీ సియోల్ వెళ్లే ముందు ఆ ఊరి నిరుద్యోగుల కథ కూడా తెలుసుకోవాలి. ఎందుకంటే ఉద్యోగం కోసం ముఖం మార్చుకునే దారిలో మనకంటే ముందు నడిచింది వాళ్లే.

అక్కడి నిరుద్యోగుల ముఖాలు

కొరియాలో చాలాకాలం పాటు ఉద్యోగ దరఖాస్తు మీద ఫొటో తప్పనిసరి. దాని కోసం ప్రత్యేకంగా స్టూడియోలు ఉంటాయి. సూట్ అద్దెకిస్తారు, జుట్టు సర్దుతారు, ఫొటోలో దవడని సన్నం చేస్తారు. డిగ్రీ, ఇంగ్లిష్ పరీక్ష మార్కులు, ఇంటర్న్‌షిప్, వీటన్నిటినీ కలిపి అక్కడి కుర్రాళ్లు ‘స్పెక్’ అంటారు. క్రమంగా ముఖం కూడా ఒక స్పెక్ అయిపోయింది. ఉద్యోగం కోసం చేయించుకునే సర్జరీకి వాళ్ల భాషలో ప్రత్యేకంగా ఓ మాటే పుట్టింది: ‘చ్వియొప్ సొంగ్‌హ్యొంగ్’.

తర్వాత ఏమైందో చూడండి. 2017లో ప్రభుత్వ సంస్థల నియామకాల్లో దరఖాస్తు మీద ఫొటో తీసేశారు. 2019 జులైలో సవరించిన చట్టం అమల్లోకి వచ్చింది. 30 మంది, అంతకంటే ఎక్కువ ఉద్యోగులున్న కంపెనీ ఏదైనా, పనికి సంబంధం లేకుండా అభ్యర్థి రూపం, ఎత్తు, బరువు లాంటి వివరాలు దరఖాస్తులో రాయమనకూడదు. అడిగితే 50 లక్షల వొన్‌ల దాకా జరిమానా. మన లెక్కలో సుమారు 3 లక్షల రూపాయలు.

చట్టం రాగానే అలవాట్లు మారిపోలేదు. ఫొటో అడిగే ప్రైవేటు కంపెనీలు ఇంకా ఉన్నాయి. అయినా విషయం గమనించండి. ప్రపంచానికి ముఖం చికిత్సలు అమ్ముతున్న దేశమే, తన పిల్లలకి ఉద్యోగం ఇచ్చేటప్పుడు ముఖం చూడొద్దని చట్టం చేసుకుంది. మొహం చూసి బొట్టు పెట్టడం వల్ల ఎంత నష్టమో వాళ్లకి తెలిసొచ్చింది. వాళ్లు వెనక్కి వస్తున్న దారిలో మనం టికెట్ కొనుక్కుని మరీ ముందుకు వెళ్లడం ఏం తెలివి?

డబ్బు తిరిగొస్తుందా?

‘చూడ్డానికి బాగుంటే జీతం ఎక్కువ ఇస్తారు, అది నిజం కాదా?’ అని మీరు అడగొచ్చు. కొంత నిజమే. దాచడం ఎందుకు? అమెరికా ఆర్థికవేత్త డానియల్ హేమర్‌మెష్ ఈ విషయం మీద ఏళ్ల తరబడి పనిచేశారు. అందంగా ఉన్నారని నలుగురూ అనుకునే వాళ్లకి జీతంలో కొంత మొగ్గు ఉంటుందని చూపించారు. ఇది అన్యాయమే, కానీ ఉంది.

అయితే మీకు కావాల్సిన ప్రశ్న అది కాదు. డబ్బు పెట్టి కొనుక్కున్న అందం ఆ డబ్బుని తిరిగి తెస్తుందా అన్నది మీ ప్రశ్న. దానికీ జవాబు ఉంది. అదే హేమర్‌మెష్ మరో ఇద్దరితో కలిసి చైనాలోని షాంఘైలో మహిళలు బట్టలకి, సౌందర్య సాధనాలకి పెట్టే ఖర్చు లెక్కగట్టి 2002లో ఓ పరిశోధన పత్రం వెలువరించారు. అదనంగా పెట్టిన ఖర్చులో జీతం రూపంలో తిరిగొచ్చేది 15 శాతం మించదని తేలింది. అంటే 100 రూపాయలు పెడితే 85 పోయినట్టే.

సర్జరీ సంగతి? దాన్ని కొరియా ఆర్థికవేత్తలే చూశారు. సూహ్యంగ్ లీ, క్యున్‌క్వాన్ ర్యూ 2012లో ప్రచురించిన పత్రం పేరులోనే మన ప్రశ్న ఉంది: ప్లాస్టిక్ సర్జరీ పెట్టుబడా, వినియోగమా? రూపానికి ఉద్యోగంలో, పెళ్లి సంబంధాల్లో కొంత విలువ ఉన్నా, సర్జరీ వల్ల కలిసొచ్చే డబ్బు దానికయ్యే ఖర్చుకి సరిపోదని, కాబట్టి దాన్ని పెట్టుబడి అనడం కంటే వినియోగం అనడమే సబబని వాళ్లు తేల్చారు. కొత్త ఫోన్ కొనుక్కోవడం లాంటిదన్నమాట. కొనుక్కోవచ్చు, సంతోషం ఉండొచ్చు. జీతం పెరుగుతుందని మాత్రం ఎవరూ కొనరు.

ఇప్పుడు మన లెక్క వేయండి. బొటాక్స్ మూడు నాలుగు నెలలే ఉంటుంది. అంటే అదే రూపం నిలవాలంటే ఏడాదికి మూడు సార్లు. ప్రతిసారీ సియోల్ వెళ్తారా? క్యాంపస్‌లో ఆఫర్ వచ్చాక జాయినింగ్ తేదీ వచ్చేసరికే ఒక్కోసారి నెలలు గడిచిపోతాయి. ఇంటర్వ్యూలో చూపించిన ముఖం ఆఫీసులో అడుగు పెట్టేనాటికి ఉండదు. దీనికోసం ఇంట్లో బంగారం తాకట్టు పెడితే వడ్డీ మాత్రం నెలనెలా ఉంటుంది. అప్పు చేసి పప్పు కూడంటే ఇదే కదా.

మన దగ్గర ముఖం చూసేదెవరు?

మీరు రాయబోయే పరీక్షల సంగతి చూడండి. టీసీఎస్ ఎన్‌క్యూటీ లాంటి టెస్టుల్లో మొదటి వడపోత ఆన్‌లైన్‌లోనే. అక్కడ కెమెరా ఉండేది మీరు కాపీ కొడుతున్నారా అని చూడ్డానికి. గ్రూప్స్, బ్యాంకులు, రైల్వే రాతపరీక్షల్లో ముఖానికి మార్కులు లేవు. ఎక్కువ మంది పోయేది ఈ మెట్టు దగ్గరే. మొదటి మెట్టు ఎక్కకుండానే మూడో మెట్టు మీద ముఖం ఎలా ఉండాలో ఆలోచిస్తున్నాం.

అమెరికా కంపెనీలకి అప్లై చేసేవాళ్లు ఇంకోటి తెలుసుకోవాలి. దరఖాస్తుదారులను ఫొటో అడగొద్దని అక్కడి సమాన ఉపాధి అవకాశాల కమిషన్ కంపెనీలకి చెబుతుంది. అలాంటప్పుడు రెజ్యూమె మీద ఫొటో పెట్టకపోవడమే మంచిది. ‘వీడియో ఇంటర్వ్యూలో కృత్రిమ మేధ ముఖాన్ని కొలుస్తుంది కదా’ అని కొందరికి భయం. అలాంటి సాఫ్ట్‌వేర్ నిజంగానే ఉండేది. ఆ రంగంలో పేరున్న హైర్‌వ్యూ సంస్థ అభ్యర్థుల ముఖకవళికల విశ్లేషణ మీద విమర్శలు రావడంతో దాన్ని ఆపేసినట్టు 2021లో ప్రకటించింది. మాట తీరు, సమాధానంలో ఉన్న విషయమే మిగిలాయి.

హోటళ్ల ఫ్రంట్ ఆఫీస్, విమానాల క్యాబిన్ క్రూ, షోరూమ్ అమ్మకాలు, టీవీ యాంకరింగ్ లాంటి చోట్ల రూపం చూస్తారు. అది కాదని నేను అనను. కానీ అక్కడ కూడా అడిగేది శుభ్రత, నిలబడే తీరు, నవ్వుతూ మాట్లాడగలగడం. నుదుటి మీద కండరం కదలకుండా చేసే సూది వీటిలో దేనికీ సాయపడదు. పైగా మోతాదు ఎక్కువైతే నవ్వే వంకర పోవచ్చు.

దూరం పోతే ఏమవుతుంది?

కత్తి లేదు కాబట్టి ప్రమాదం లేదనుకోవడం పెద్ద పొరపాటు. చాలామందికి కాస్త వాపు, కమిలిన మచ్చలు తప్ప ఏమీ కాదు. నిజమే. కానీ ఫిల్లర్ పొరపాటున రక్తనాళంలోకి పోతే ఆ చోట చర్మం చచ్చిపోవచ్చు. అరుదుగా కంటిచూపు పోతుంది. దాన్ని వెంటనే గుర్తుపట్టి, ఫిల్లర్‌ని కరిగించే హైలురోనిడేజ్ ఇవ్వాలి. ఆలస్యమైన కొద్దీ నష్టం పెరుగుతుంది. నొప్పి, తెల్లబడిన చర్మం, వలలాంటి నీలి మచ్చలు తెలిసేసరికి మీరు విమానంలో ఉంటే ఎవరిని పిలుస్తారు?

మెల్లగా వచ్చే ఇబ్బందులు వేరు. ఫిల్లర్ వేసిన చోట గడ్డలు, ఇన్ఫెక్షన్లు వారాల తర్వాత, కొన్నిసార్లు నెలల తర్వాత కూడా రావచ్చు. థ్రెడ్ పక్కకి జరిగి చర్మం గుంట పడొచ్చు. బొటాక్స్ ఫలితం పూర్తిగా తెలిసేదే రెండు వారాలకి. ఒక కనుబొమ పైకి, ఒకటి కిందకి ఉంటే సరిచేసే డాక్టర్ సియోల్‌లో, మీరు సికింద్రాబాద్‌లో. ఇక్కడి డాక్టర్‌కి లోపల ఏ మందు ఎంత పోశారో తెలియదు. చేతులు కాలాక ఆకులు పట్టుకుందామన్నా, ఆకులు సముద్రం అవతల ఉన్నాయి.

డబ్బు పరంగానూ ఇదే కథ. మన దేశంలో సాధారణ ఆరోగ్య బీమా పాలసీలు అందం కోసం చేయించుకునే చికిత్సలని మినహాయిస్తాయి. ప్రయాణ బీమా కూడా మామూలుగా ముందే అనుకుని వెళ్లిన చికిత్సకి వర్తించదు. ఏం జరిగినా భారం ఇంటి మీదే.

సియోల్‌లో జరిగిన ఒక విషయం చెప్పాలి. 2016లో మీలాంటి ఓ కాలేజీ కుర్రాడు దవడ సన్నబడేందుకు ఆపరేషన్ చేయించుకున్నాడు. అది సూదిమందు కాదు, ఎముక కోసే పెద్ద ఆపరేషన్. అధిక రక్తస్రావమై, ఏడు వారాలకి చనిపోయాడు. డాక్టర్ మధ్యలోనే వేరే ఆపరేషన్లకి వెళ్లిపోయిన సంగతి గదిలోని కెమెరా దృశ్యాలు చూసి వాళ్లమ్మ బయటపెట్టింది. ఏళ్ల తరబడి ఆమె చేసిన పోరాటం కూడా కారణమై, ఆపరేషన్ గదుల్లో కెమెరాలు పెట్టాలనే చట్టం 2021లో వచ్చి, 2023 సెప్టెంబరు నుంచి అమలవుతోంది. అయితే ఆ చట్టం స్పృహ లేని రోగికి చేసే ఆపరేషన్లకే. మెలకువగా కూర్చుని చేయించుకునే సూదిమందులకి ఆ రక్షణ లేదు. ‘చిన్న పనే కదా’ అన్న మాటకి మరో ముఖం ఇది.

నిజంగా ఇబ్బంది ఉంటే?

మొటిమలు మానకుండా గుంటలు పడ్డాయి. కాలిన మచ్చ ఉంది. మంగు మచ్చలు వచ్చాయి. వీటిని భరించమని నేను చెప్పను. ఇవి చర్మ సమస్యలు, వీటికి వైద్యం ఉంది. అదీ మీకు దగ్గర్లోనే ఉంది. హైదరాబాద్‌లో ఉస్మానియా, గాంధీ, విశాఖలో కేజీహెచ్ లాంటి ప్రభుత్వ ఆసుపత్రుల్లో డీవీఎల్ విభాగం పేరుతో చర్మవైద్యులు ఓపీ చూస్తారు. ఒకటికి నాలుగుసార్లు వెళ్లి చూపించుకోగల దూరంలో డాక్టర్ ఉండటమే చర్మవైద్యంలో సగం బలం.

వద్దని చెప్పాల్సినవి రెండున్నాయి. మందుల షాపులో అడిగి తెచ్చుకుని రాసే స్టెరాయిడ్ క్రీములు ఒకటి. నాలుగు రోజులు తెల్లగా కనిపించి, తర్వాత చర్మం పల్చబడి, ఎర్రబడి, మొటిమలు ఇంకా పెరుగుతాయి. రెండోది బ్యూటీ పార్లర్లో సూదులు వేయించుకోవడం. ఇలాంటి సౌందర్య చికిత్సలు శిక్షణ ఉన్న రిజిస్టర్డ్ డాక్టర్లే చేయాలని జాతీయ వైద్య కమిషన్ 2022లో మార్గదర్శకాలు ఇచ్చింది.

ఇదంతా విన్నాక కూడా, రేపు ఉద్యోగం వచ్చాక సొంత డబ్బుతో సియోల్ వెళ్తానంటారా? వెళ్లండి. కాకపోతే కొన్ని జాగ్రత్తలు రాసిపెట్టుకోండి. విదేశీ రోగులను చేర్చుకునేందుకు ఆ క్లినిక్‌కి కొరియా ఆరోగ్య శాఖ దగ్గర నమోదు ఉందో లేదో చూడండి. అక్కడ లైసెన్స్ ఉన్న ఏ డాక్టరైనా ఈ చికిత్సలు చేయొచ్చు, అందరూ చర్మవైద్య నిపుణులు కారు. కాబట్టి సూది పట్టుకునేది ఎవరో, వాళ్ల స్పెషాలిటీ ఏంటో ముందే అడగండి. మీ ముఖంలోకి పోయే మందు పేరు, బ్యాచ్ నంబర్ ఉన్న స్టిక్కర్ అడిగి తీసుకోండి. చేయించుకున్న మర్నాడే విమానం ఎక్కకండి. మధ్యవర్తి చెప్పే డిస్కౌంట్ ఈరోజుతో ఆఖరు అంటే, అక్కడితో ఆ మాట ఆపేయండి.

ఇంకో మాట. రోజూ గంటల తరబడి అద్దంలో ఒకే లోపం చూసుకుంటూ, దాని వల్ల క్లాసులకి, ఇంటర్వ్యూలకి వెళ్లడం మానేస్తున్నారంటే అది చర్మం సమస్య కాకపోవచ్చు. అప్పుడు ముందు మానసిక వైద్యులతో మాట్లాడాలి. ప్రభుత్వ టెలీ మానస్ నంబర్ 14416కి ఫోన్ చేస్తే ఉచితంగా మాట్లాడతారు. తెలుగులోనే మాట్లాడొచ్చు.

ముఖం మీద తప్పు రాయకండి

ఉద్యోగం రాకపోవడానికి కారణాలు చాలా ఉంటాయి. ఆ ఏడాది కంపెనీలు తక్కువ తీసుకోవచ్చు. మీ కాలేజీకి మంచి కంపెనీలు రాకపోవచ్చు. సిలబస్‌కీ పరిశ్రమకీ దూరం ఉండొచ్చు. వీటిలో కొన్ని మీ చేతిలో లేవు. చేతిలో లేనివాటి కోపం అంతా తీసుకెళ్లి, చేతికి అందుతుంది కదా అని ముఖం మీద చూపించడం సులువు. ఆ సులువునే ప్యాకేజీ కట్టి అమ్ముతున్నారు. మా చర్మం రంగు చూసి, పళ్ల వరస చూసి సంబంధాలు చెప్పిన చుట్టాలు ఈ పని ముందే మొదలుపెట్టారు. వాళ్లు వదిలిన చోట రీల్ అందుకుంది.

ఆ డబ్బు నిజంగా మీ దగ్గర ఉంటే పెట్టుబడి పెట్టే చోట్లు ఉన్నాయి. కొరియా మీద అంత ఇష్టం ఉంటే వాళ్ల భాష నేర్చుకోండి. టోపిక్ అనే పరీక్ష ఉంది, ఆరు స్థాయిలు ఉంటాయి. కొరియా కంపెనీలున్న మన రాష్ట్రంలో ఆ భాష వచ్చిన ఇంజినీర్‌ని ఎవరు కాదంటారు? ఆ సర్టిఫికెట్‌తో పాటు వచ్చిన భాష నాలుగు నెలలకి కరిగిపోదు.

ఇక రేపు వీడియో ఇంటర్వ్యూ ఉందా? రాత్రి నిద్రపోండి. కిటికీకి ఎదురుగా కూర్చోండి, వెలుతురు ముఖం మీద పడుతుంది. ల్యాప్‌టాప్ కింద రెండు పుస్తకాలు పెట్టి కెమెరాని కళ్ల ఎత్తుకి తెండి. మీ ప్రాజెక్ట్‌లో మీరు స్వయంగా చేసిందేంటో రెండు నిమిషాల్లో చెప్పడం అమ్మకో, రూమ్మేట్‌కో వినిపించండి. అవతలి వాళ్లు మీ ముఖంలో వెతికేది ఒక్కటే. అడిగినదానికి జవాబు తెలిసిన మనిషి కళ్లు ఎలా ఉంటాయో అది. దాన్ని ఏ క్లినిక్కూ సూదితో ఎక్కించలేదు.